నలభై రోజుల ఇంటర్న్‌షిప్

ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ఇది మొదలయింది. తరగతి అయిపోవడానికి ఇంకా ఐదు నిమిషాలు ఉంది. డిగ్రీ ఆరో సెమిస్టరు, ఇంగ్లీషు మేజర్, మొత్తం ఇరవై మందిమి. పందొమ్మిది మందికి ఇరవై, ఇరవై ఒకటి. నాకు అరవై ఆరు. లెక్చరర్ మేడమ్ హాజరు పుస్తకం మూసి తలా ఒక ఫారం పంచింది. నలభై రెండు రోజులు ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేయాలి. చేసినట్టు సీలు వేయించిన సర్టిఫికెట్ ఏప్రిల్ ముప్పై సాయంత్రం నాలుగు లోపల ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వనివాళ్లకు ఆఖరి పరీక్షల హాల్ టికెట్ రాదు.

పిల్లలు ఫారం మడిచి బ్యాగుల్లో పెట్టుకున్నారు. నేను మేడమ్ వెనకే వరండాలోకి వెళ్లాను. ఆమె నా మనవరాలంత ఉంటుంది. అయినా చదువు చెప్పేది ఆమె కాబట్టి నేను మేడమ్ అనే పిలుస్తాను.

"ఉద్యోగమా మేడమ్ ఇది?"

"కాదమ్మా. జీతం ఇవ్వరు."

"అట్లయితే చదువా?"

"చదువూ కాదు. అనుభవం. ఇంగ్లీషు చదివినోళ్లు బయట ఏమేం చేయొచ్చో తెలిసేకి."

"అనుభవం నాకు అరవయ్యారేండ్లది ఉండాది గదా. దానికి సీలు ఎవురేస్తారు?"

ఆమె నవ్వింది. నేను నవ్వించడానికి అడగలేదు. ఉద్యోగం కానిది, చదువు కానిది, జీతం లేనిది, కానీ చేయకపోతే డిగ్రీ రానిది. ఆ నాలుగింటినీ కలిపితే ఏమవుతుందో నాకు ఆ రోజూ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

ఈ వయసులో డిగ్రీ ఎందుకని అడగనివాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లకు పీయూసీ పాసై, అదే ఏడు పెళ్లయి బళ్లారిలోని బ్రూస్‌పేటకు వచ్చాను. మాది బెల్లం, చింతపండు హోల్‌సేలు అంగడి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, మార్కెట్టులో ఉర్దూ. మూడింటిలోనూ ఎవరో ఒకరి పని మీద మాట్లాడడమే. ఇంగ్లీషులో నాతో ఎవరికీ పని లేదు. మా ఆయన చనిపోయిన ఏడాదికి, అరవై మూడో ఏట, అందుకే ఆ భాష ఎంచుకున్నాను. ఐదు సెమిస్టర్లు ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. మిగిలింది ఈ ఒక్కటే.

తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల కప్పగల్లు నుంచి మొదటి బస్సులో వచ్చేది. ఫోనులోనే ఇంటర్న్‌షిప్పులు దొరుకుతాయని, ఇంట్లో కూర్చునే రాసి పంపొచ్చని చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళ నాకు అర్జీలు పెట్టించింది. పుట్టిన సంవత్సరం దగ్గర అంకెలు చక్రంలా తిరుగుతాయి. వేలితో తోస్తూనే ఉండాలి.

"అవ్వా, నీ సంవత్సరం వచ్చేలోపల నా చార్జింగ్ అయిపోతాది," అంది ఆ పిల్ల.

ఫిబ్రవరి పది నుంచి మార్చి ఒకటి దాకా పదకొండు అర్జీలు పెట్టాం. రెండింటికి జవాబు వచ్చింది. ఒకటి మిషను పంపిన జవాబు. రెండోదాంట్లో మీ ఆసక్తికి సంతోషం, మాకు కొత్తగా కాలేజీ నుంచి వచ్చేవాళ్లు కావాలి అని రాశారు. నేను కాలేజీ నుంచి రాక ఇంకెక్కడి నుంచి వస్తున్నానో తెలియలేదు. తిరిగి రాసి అడిగాను. దానికి జవాబు లేదు.

మార్చి రెండున రాత్రి పడుకునే ముందు లెక్క వేసుకున్నాను. ఏప్రిల్ ముప్పైని కలుపుకొని వెనక్కి నలభై రెండు రోజులు లెక్కపెడితే మార్చి ఇరవై వస్తుంది. ఆ రోజుకు ఎక్కడో ఒకచోట చేరి ఉండాలి. తెలియని ఊళ్లలో వెతకడమెందుకు, బజారులో నన్ను ఎరగని అంగడి లేదు కదా అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

మూడు, నాలుగు, ఐదు తేదీల్లో ఐదు అంగళ్లు తిరిగాను. అన్నీ మా కులంవాళ్లవే. మొదటిది జీన్స్ ప్యాంట్లు కుట్టించి బయట ఊళ్లకు పంపే అంగడి. వాళ్ల పెట్టెల మీద, పట్టీల మీద అంతా ఇంగ్లీషే. దాన్ని సరిచూస్తానని, ఉత్తరాలు రాసి పెడతానని చెప్పాను. యజమాని నాకంటే పదేళ్లు చిన్న. వరసకు తమ్ముడు. నన్ను చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"జీతమేమీ వద్దప్పా," అన్నాను, పని సులువవుతుందని. "ఆరు వారాలు ఈడ కూచోనిస్తే చాలు."

అతను వెళ్లి అద్దాల తలుపు వేసి వచ్చాడు.

"సుమ్నే, ఊరికే కూచుంటావా అక్కా? జీతం లేకుండా?"

"ఊ. సుమ్నే."

"కొడుకుతో ఏమన్నా మాటామాటా వచ్చిందా?"

"లేదప్పా. కాలేజీలో చెప్పినారు."

"సరే, సరే," అని కాఫీ తెప్పించాడు. ఆలోచించి చెప్తానన్నాడు. మిగతా నాలుగు అంగళ్లలోనూ కాఫీ ఇచ్చారు. ఐదో అంగట్లో కాఫీతో పాటు బిస్కెట్లు పెట్టి, "తిను వదినా, పొద్దున ఏమన్నా తిన్యావో లేదో," అన్నారు. ఇంత మర్యాద ఎందుకో అర్థం కాక ఇంటికొచ్చాను.

మావాళ్లలో ఒక అంగడి మనిషి వెళ్లి ఇంకొక అంగట్లో కూర్చుంటే దానికి రెండే అర్థాలు. ఆ అంగడివాళ్లు కాబోయే అల్లుడికి పని నేర్పిస్తుండాలి, లేదా వచ్చిన మనిషి ఇల్లు చీలి ఉండాలి. జీతం పుచ్చుకుంటే కనీసం ఉద్యోగమని సరిపెట్టుకుంటారు. జీతం వద్దు, ఊరికే కూర్చుంటాను అన్నారంటే ఇంట్లో నిలవనీడ లేక తలదాచుకోవడానికి వచ్చారని. ఈ పద్ధతి నాకు తెలియనిది కాదు. నలభై ఎనిమిదేళ్లుగా ఇంకొకరి గురించి నేనూ అలాగే అనుకున్నాను. నేను అడిగినప్పుడు కూడా అలాగే అనుకుంటారని మాత్రం తట్టలేదు.

మార్చి ఆరు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి నా కొడుకు ఇంటికి వచ్చాడు. రెండున్నర కాకుండా అంగడి వదలని మనిషి.

"యాడ యాడ తిరిగినావమ్మా?"

ఐదు చోట్లూ చెప్పాను, ఏ రోజు ఎన్ని గంటలకో కూడా.

"నువ్వు గంటలు చెప్పొద్దు! బజారంతా నన్ను చూసి గుసగుసలు పెడ్తాండారు. అమ్మను బయటికి తోసినాడంట అని."

"ఎవురన్యారు? నేను చెప్తా పా."

"ఇంగ నువ్వు ఎవురికీ ఏమీ చెప్పొద్దు తల్లీ. చెప్పేకొద్దీ పెరుగుతాది."

ఆదివారం, ఎనిమిదో తేదీ, సాయంత్రం ఐదింటికి సంఘం పెద్దలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. అందులో జీన్స్ అంగడి తమ్ముడు ఒకడు. పెద్దాయనకు ఎనభై దాటాయి. మెట్లు ఎక్కలేనివాడు ఎక్కి వచ్చాడు. నా కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కోడలు వంటింటి తలుపు దగ్గర నిలబడింది.

"చూడప్పా," అని పెద్దాయన నా కొడుకుతో మొదలుపెట్టాడు, "మీ నాయన ఉన్నెప్పుడు ఈయమ్మ ఒక్కతే గడప దాటింది లేదు."

"దాటినా," అన్నాను. "వారానికి మూడు దినాలు మార్కెట్టుకు పోయినా."

"నువ్వు మాట్లాడొద్దమ్మా. నీ కష్టం మేము చెప్తాండాం గదా."

కష్టం లేదని, ఇది ఇంటర్న్‌షిప్ అని చెప్పాను.

"అంటే ఏందక్కా?" అన్నాడు తమ్ముడు.

"పని."

"జీతం?"

"ఉండదు."

"తిండి?"

"మన ఇంటి నుంచే డబ్బా కట్టుకొని పోవల్ల."

"ఇట్ల చేయమని ఎవురు చెప్పినారు?"

"కాలేజీ."

"కాలేజీకి ఫీజు కడ్తాండావా?"

"కడ్తాండా."

"ఫీజూ కట్టి, ఇంటి కూడే తిని, పరాయి అంగట్లో సుమ్నే పని చేయల్లంట!" ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గొంతు మెత్తపడింది. "అమ్మా, కొడుకు పరువు కాపాడేకి ఇంత కష్టపడి అబద్ధం చెప్పొద్దు. కన్నకడుపు కదా, మాకు తెలుసు."

చెప్పేకొద్దీ నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఇంకొకరెవరైనా నా ముందు కూర్చుని ఇదే చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. వాళ్లు చివరికి తీర్పు చెప్పారు. మేడ మీద గది నాకు ఇవ్వాలి, పొయ్యి వేరే పెట్టించాలి. నా కొడుకు సరేనన్నాడు, వాళ్లు లేచి వెళ్తే చాలని.

వాళ్లు మెట్లు దిగాక కోడలు నా ఎదురుగా వచ్చి కింద కూర్చుంది.

"నిజం చెప్పత్తా. నా చేతి కూడు తినలేక పోతాండావా?"

"ఏం మాటలే అవి?"

"ఇరవై ఒక్క ఏండ్లు అయింది నేనొచ్చి. ఒక్క దినం నువ్వు ఉప్పు ఎక్కువైందని అనల్యా. అనుంటే బాగుండు. ఇప్పుడేమో ఊరంతా తిరిగి అడుక్కున్యావు."

మాది గొడవల్లేని ఇల్లు. అలాంటి ఇంట్లో లేని గొడవను లేదని ఎలా రుజువు చేయాలో నాకు తెలియలేదు. పొయ్యి పెట్టించలేదు. కానీ మరుసటి రోజు నుంచి ఆమె నా కంచంలో అన్నం వడ్డించే ముందు, "ఇది తింటావా?" అని అడగడం మొదలుపెట్టింది.

మార్చి పదమూడు, శుక్రవారం, కాలేజీ నుంచి వస్తుంటే ఆటోవాడు కంటోన్మెంట్ మీదుగా తిప్పాడు. అక్కడ ఒక పాత బంగళా షెడ్డులో ప్రింటింగ్ ప్రెస్సు కనపడింది. బయట అరుగు మీద ఇంగ్లీషు మీడియం బడుల డైరీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఆటో ఆపించి దిగాను. యజమాని గడ్డం నెరిసిన ముసల్మాను. బ్రూస్‌పేట గుసగుసలు అతనిదాకా రాలేదు. ఈసారి జీతం మాట ముందు ఎత్తలేదు.

"కాలేజీ పిల్లనప్పా. ప్రూఫులు దిద్దుతా."

అతను నన్ను చూసి నవ్వలేదు. ఒక్కటే అడిగాడు. "కండ్లు ఎట్లుండాయమ్మా?"

"రెండింటికీ ఆపరేషన్ అయింది."

"చాలు. ఇది చూడండి."

ఒక డైరీ ప్రూఫు చేతికిచ్చాడు. నాలుగో పేజీలోనే దొరికింది. జూన్ నెలకు ముప్పై ఒకటి వేశారు.

"అరే! ముగ్గురం చూసినాం గదమ్మా ఇది!" అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. బడులు తెరిచేలోపల పని ఒత్తిడి, ఆదివారాలు కూడా తెరిచే ఉంటుందన్నాడు. కాలేజీ ఫారం పూర్తి చేయించి తీసుకురమ్మన్నాడు.

ఫారం నెల నుంచీ నా బ్యాగులోనే ఉంది. కింద ఒక గీత ఉంది. తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సంతకం. అది పిల్లల కోసం అనుకుని వదిలేశాను. శనివారం కాలేజీ ఆఫీసులో అడిగితే గుమాస్తా, "ఖాళీ ఉంచకూడదమ్మా. కంప్యూటర్లో ఎర్రగా చూపిస్తాది," అన్నాడు. నా తల్లీ తండ్రీ పోయి ఇరవై ఏళ్లు దాటింది. భర్త లేడు. అంటే నా కొడుకు నాకు సంరక్షకుడు.

"ఈ కాగితం మీద నేను సంతకం పెడితే ఏమైతాదో తెల్సా మా?" అన్నాడు వాడు ఆ రాత్రి అన్నం దగ్గర. "అమ్మను సుమ్నే చాకిరికి పంపినా అని నేనే రాసిచ్చినట్ల. రేపు ఎవురన్నా చూస్తే?"

"కాలేజీవాళ్లు తప్ప ఎవురు చూస్తారు?"

"ఇట్లాంటియి ఎట్లనో చూస్తారు."

పదహారు పోయింది. పదిహేడు, పద్దెనిమిది పోయాయి. పందొమ్మిది ఉగాది. పచ్చడి అందరం ఒకేసారి తిన్నాం. ఇరవై పోయింది. ఇరవై ఒకటి, శనివారం, రాత్రి ఏడూ ముప్పై ఐదుకు కోడలు దీపం పెట్టి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇట్ల ఈ అత్తా."

ఇచ్చాను.

"సంబంధం అని ఉండాది. ఏమని రాయల్ల?"

"కోడలని రాయి."

"అత్తకు కోడలు గార్డియనా? నవ్వుతారు."

"నవ్వనీలే."

"నీ కొడుకు అరిస్తే నువ్వే చెప్పుకో." సంతకం పెట్టి, కింద తేదీ వేసింది. ఇరవై ఒకటి, మూడు. నా కొడుకు లోపలి గదిలోనే ఉన్నాడు. అరవలేదు. బయటికీ రాలేదు.

మరునాడు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ప్రెస్సులో చేరాను. అప్పటికే రెండు రోజులు తక్కువ. సోమవారం మేడమ్‌కు ఫోను చేసి చెప్పాను. "చివర్లో చూద్దాం అమ్మా, రెండు రోజులు ఎవరు లెక్కపెడతారు?" అంది. లెక్కపెట్టనప్పుడు నలభై రెండు అని ఎందుకు రాశారో అడగాలనుకున్నాను. తరగతికి టైమయిందని పెట్టేసింది.

నలభై రోజుల్లో పదకొండు బడుల డైరీలు దిద్దాను. అంకెల తప్పులు నాకు సులువు. వాక్యాలే తికమక పెట్టాయి. నేను పుస్తకాల్లో చదివిన ఇంగ్లీషు ప్రకారం తప్పయినవి బళ్లారిలో అందరూ రాసే ఇంగ్లీషులో ఒప్పు. ఒక బడి ప్రార్థనలో నేను దిద్దిన మూడు మాటలను ఆ బడివాళ్లు మళ్లీ పాతవే చేయించారు. నేర్పడానికి వచ్చానో, నేర్చుకోవడానికి వచ్చానో, ఊరికే వచ్చానో తేలలేదు. అయినా పొద్దున తొమ్మిదికి ఆ సిరా వాసనలోకి అడుగు పెడుతుంటే బాగుండేది. కోడలు డబ్బా కట్టి ఇచ్చేది. పదో రోజు నుంచి "ఇది తింటావా?" అని అడగడం మానేసింది.

ఏప్రిల్ ముప్పై, గురువారం. పొద్దున డబ్బా మూత పెడుతూ కోడలే అంది.

"నా తేదీ మార్చిస్తా తీసుకో అత్తా. ఇరవై ఒకటిని పందొమ్మిది చేసేది ఎంతసేపు?"

ఫారం అలాగే బ్యాగులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండూ పదిహేనుకు ప్రెస్సు యజమాని లెటర్‌హెడ్ తీశాడు.

"ఏ తేదీ నుంచి రాయల్లమ్మా? ఇరవై కదా మీకు కావల్సింది?"

"ఇరవై రెండు."

"రెండు దినాలంతే గదా. నేను రాస్తా. పోలీసులొస్తారా?"

"ఇరవై రెండే రాయప్పా."

నేను అబద్ధం ఆడనిదాన్నని కాదు. అంగడికి వచ్చినవాళ్లతో ఆయన ఊళ్లో లేడని ఎన్నిసార్లు చెప్పానో. కానీ ఇరవైన నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలుసు. వంటింటి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. కోడలు నా ఎదురుగా కూర్చుని తీసిన గింజలను చేటలోకి తోస్తోంది. నా కొడుకు రెండుసార్లు వచ్చి ఆ కాగితం ఉన్న అలమర వంక చూసి వెళ్లాడు. ఆ రోజు ప్రెస్సులో ఉన్నానని రాస్తే ఆ రోజును ఎక్కడ పెట్టాలి? అప్పటికి నాకు ఉన్న కారణం ఇదొక్కటే.

మూడూ ఇరవైకి కాలేజీ ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా తేదీలు కొట్టాడు. కంప్యూటరు నలభై అంది. మేడమ్ పరిగెత్తుకొచ్చింది. "ఎవరూ చూడరని చెప్పాను కదమ్మా, తేదీ మీరే ఎందుకు..." అని ఆగిపోయింది. ప్రిన్సిపాల్ గదికి కూడా వెళ్లి అడిగింది. నాలుగు కొట్టింది. వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ ఫారం ఇస్తారు, మళ్లీ నలభై రెండు రోజులు చేయాలి, ఇవి కలవవు అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. కోడలు డబ్బా కడుగుతోంది. చెయ్యి ఆపింది.

"మరి నేను సంతకం చేసింది దేనికి?"

నా కొడుకు అన్నాడు. "అంటే నేను సంతకం పెట్టని ఆ రెండు దినాలు నా మీద ఏసినావు. కాలేజీ పుస్తకంలోకి ఎక్కించినావు."

నేను అలా అనుకోలేదు. నేను తేదీ సరిగ్గా రాయించాను, అంతే. కానీ వాడు చెప్పాక చూస్తే, ఆ రెండు రోజులు నిజంగానే వాడి మీద పడి ఉన్నాయి. ఒక అంకె మార్చి ఉంటే వాడి పరువూ, నా ఏడాదీ రెండూ మిగిలేవి. సరిగ్గా రాయడం వల్ల ఇద్దరికీ నష్టమయితే అది సరైనది ఎలా అవుతుందో, తప్పు రాసి ఉంటే అది మంచి ఎలా అయ్యేదో, ఎంత ఆలోచించినా రెండు వైపులా ఒకేలా తూగుతుంది.

ఇది రాస్తున్నది జూన్ పద్నాలుగు, ఆదివారం. పోయినవి ఇవి. రెండు రోజులు. ఆ రెండు రోజుల వల్ల ఎందులోనూ జమ కాని నలభై రోజులు. హాల్ టికెట్ ఒకటి, రాయని పేపర్లు ఆరు, ఏడాది ఒకటి. పరీక్షలు రాసి వెళ్లిపోయిన పందొమ్మిది మంది తోటివాళ్లు. బజారులో నేను ఆగకుండా దాటి వెళ్లే అంగళ్లు ఐదు. కోడలు నాకు పెట్టిన సంతకం ఒకటి, పనికి రానిది. ఏప్రిల్ ముప్పై రాత్రి నుంచి ఇవాళ్టి దాకా, నా కొడుకు నన్ను అమ్మా అని పిలవని రోజులు నలభై ఐదు.